రాకెట్ పక్కన పెట్టి టోర్నమెంట్ పెట్టొచ్చా?

ప్రశ్న: పన్నెండేళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడి, మోకాలి గాయంతో ఆపేశాను. వయసు 34. ఇద్దరు పిల్లలు. ఒకప్పటి అమెరికన్ టెన్నిస్ చాంపియన్ జాక్ క్రేమర్‌లా ఆట నుంచి పోటీలు పెట్టే ప్రమోటర్‌గా మారాలని ఉంది. దాచుకున్నదాంట్లో సగం టోర్నమెంట్‌లో పెట్టొచ్చా? ఆటగాళ్లంతా తెలిసినవాళ్లే. ఒక స్పాన్సర్ కూడా 'చేద్దాం' అన్నారు.

జవాబు: దిగండి, కానీ సగంతో వద్దు.

క్రేమర్ కథే చూద్దాం. 1947 డిసెంబరు 26న న్యూయార్క్ మంచు తుపానులో కూరుకుపోయింది. అయినా ప్రొఫెషనల్‌గా ఆయన తొలి మ్యాచ్ చూడటానికి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు 15,114 మంది వచ్చారు. బాబీ రిగ్స్ చేతిలో ఆయన ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. ఆ రాత్రి జనం రాకపోతే క్రేమర్‌కు వాటా తగ్గేది, అంతే. చేతి చమురు వదిలేది మాత్రం ప్రమోటర్ జాక్ హారిస్‌కి. తర్వాత క్రేమరే ప్రమోటరయ్యారు. 1957లో వింబుల్డన్ గెలిచిన లూ హోడ్‌ను తెచ్చుకోవడానికి 1,25,000 డాలర్లకు గ్యారంటీ ఇచ్చారు. టికెట్లు తెగినా తెగకపోయినా ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు మీరు ఒక కాగితం మీద గీత గీసి రెండు భాగాలు చేయండి. ఎడమవైపు డబ్బు పోయే తేదీలు: కోర్టు అడ్వాన్స్, అంపైర్లు, హోటల్ గదులు, బీమా, ప్రైజ్ మనీ. కుడివైపు వచ్చే తేదీలు. ఎడమవైపు చాలా భాగం తొలి సర్వీస్‌కు ముందే నిండిపోతుంది. స్పాన్సర్ చివరి వాయిదా మాత్రం ఫైనల్ అయిన చాలా వారాలకు రావచ్చు. లాభం వచ్చే టోర్నమెంట్‌ను కూడా ముంచేది ఈ మధ్య ఖాళీయే. 'చేద్దాం' అన్న మాటను కుడివైపు రాయకండి. సంతకం, అడ్వాన్స్ రెండూ వచ్చాకే రాయండి.

తెలిసిన ఆటగాళ్లని ధీమా వద్దు. క్రేమర్ దగ్గర ఆడిన పాంచో గోంజాలెస్ ఆయన మీద న్యాయస్థానందాకా వెళ్లారు. ఫీజు దగ్గర స్నేహితులూ బేరమాడతారు, మీరూ ఆడే ఉంటారు!

రెండేళ్ల ఇంటి ఖర్చు, పిల్లల చదువు డబ్బు ముందే పక్కన పెట్టేయండి. మిగిలినదాంట్లో ఐదో వంతు దాటొద్దు. టోర్నమెంట్‌కు వేరే కంపెనీ పెట్టండి. అప్పుకు మీ సొంత హామీ, ఇంటి కాగితాలు అడిగితే అక్కడే ఆగిపోండి. నన్నడిగితే, మొదటి ఏడాది వేరేవాళ్ల టోర్నమెంట్‌కు జీతం మీద డైరెక్టర్‌గా చేయడం నయం. నష్టం వాళ్లది, అనుభవం మీది.

స్పాన్సర్ ఒప్పందం చేతికొచ్చాక రద్దు నిబంధన ఉన్న పేజీ ముందు చదవండి. వానకు ఫైనల్ ఆగిపోతే వాళ్లు ఎంత వెనక్కి అడగొచ్చో అక్కడే ఉంటుంది.