పిల్లల రక్షణ కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. కౌలుకు పొగాకు వేస్తాను. మా అమ్మాయి ఒంగోలులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి బాలల రక్షణలో పనిచేస్తానంటోంది. తనతో పదో తరగతి చదివిన పిల్లకు ఇంటర్ మధ్యలోనే పెళ్లి చేసేశారు. అప్పటి నుంచి ఇదే పట్టు. సేవ మంచిదే, కాదనను. కానీ అది ఉద్యోగమేనా? అన్నం పెడుతుందా?

జవాబు: ఉద్యోగమేనండి. ముందు జీతం సంగతి చెబుతాను, మీ బెంగ అదే కాబట్టి. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. అందులో పరిరక్షణ అధికారులు, కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు పనిచేస్తారు. చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. డీఎస్సీలో టీచరుగా చేరిన స్నేహితురాలి జీతంతో పోల్చుకుంటే మొదట్లో తక్కువే వస్తుంది. ఈ మాట దాచి మీ అమ్మాయిని పొగడటం నాకు ఇష్టం లేదు.

అయితే మీరు ‘సేవ’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ పనికి జాలి గుండె ఒక్కటే చాలదు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద నేను చూసింది చెబుతాను. కాపలా గుడిసెలో ఒక యానాది కుటుంబం. పిల్లవాడు పగలంతా రేకు డబ్బా కొడుతూ పిట్టలను తోలుతున్నాడు. బడిలో చేర్చబోతే జనన ధ్రువపత్రం లేదు, ఆధార్ లేదు పొమ్మన్నారట. అక్కడికి వెళ్లినవాళ్లమంతా అయ్యో అన్నాం. అప్పుడే ఎంఎస్‌డబ్ల్యూ ముగించిన అమ్మాయి ఒకతె మాత్రం తల్లి పక్కన గట్టు మీద కూర్చుని, ‘వీడు పుట్టినప్పుడు ఊళ్లో ఏం జరిగిందమ్మా’ అని అడిగింది. ‘2015 కార్తీకంలో పెద్ద వానలు పడ్డాయే, అప్పుడు వీడు చంకబిడ్డ’ అంది ఆ తల్లి. ఆ అమ్మాయి అది రాసుకుంది. వయసు పత్రం లేదని ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉన్న సంగతి ఆమెకు తెలుసు. మర్నాడు ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చిన అర్జీలో ఆ సెక్షన్ సంఖ్యతో సహా రాసింది. తండ్రి యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు గురించీ అడిగింది. అప్పు కింద మనిషిని కట్టిపెట్టి చేయించుకునే చాకిరీని 1976 నాటి చట్టం రద్దు చేసిందనీ, ఆ అప్పు కూడా దానితోనే చెల్లిపోతుందనీ ఆ తండ్రికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. పిల్లవాడు బడిలో చేరాడు. రొయ్యలు పట్టే రోజుల్లో మళ్లీ మానేశాడు. ఆమె మళ్లీ వెళ్లింది. ఉద్యోగమంటే నా దృష్టిలో ఆ రెండోసారి వెళ్లడమే.

మీకు ఇది దూరపు సంగతి కాదు. ఆకు అల్లే రోజుల్లో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర చిన్న పిల్లలు కూర్చోవడం మీరు చూసే ఉంటారు. జిగురుకు వేళ్లు నల్లబడతాయి, తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగి వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ నిషేధించింది. రేపు మీ అమ్మాయి ఈ పనిలో చేరితే తెలిసినవాళ్ల బ్యారన్ దగ్గరికే వెళ్లవలసి రావచ్చు. బంధువులు మీ అరుగు మీదికి వచ్చి ‘అమ్మాయికి చెప్పు’ అంటారు. ఆ రోజు మీరు ఏమంటారో ఇప్పుడే ఆలోచించుకోండి. కోర్సు ఎంపిక కంటే ఇదే పెద్ద విషయమని నాకు అనిపిస్తుంది.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌డబ్ల్యూకి ఏపీ పీజీసెట్ రాయాలి. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు వెళ్లాలనుకుంటే సీయూఈటీ పీజీ రాయాలి. ఎక్కడ చేరినా క్షేత్ర పని ఎంత గట్టిగా చేయిస్తారో అడిగి చేరమనండి. తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ కూడా చేస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల పక్షాన నిలబడగలదు. ముప్పై అయిదేళ్లు దాటాక, ఏడేళ్ల అనుభవంతో జిల్లా బాలల సంక్షేమ సమితి సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బీఈడీ తలుపు మూసుకుపోదు, ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత కూడా చేయవచ్చు. అందుకని ఇప్పుడు ఆ పేరుతో ఆమెను వెనక్కి లాగకండి.

ఒక్క పరీక్ష మాత్రం పెట్టండి. ఈ సెలవుల్లో ఒక బిడ్డ బడి మానేసిన కథను, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే, పేరు రాయకుండా రెండు పేజీల్లో తేట తెలుగులో రాయమనండి. ఏం చూసింది, ఎవరు ఏం చెప్పారు, ఏం తేలలేదు, అంతే ఉండాలి. ఈ పనిలో రోజూ రాయవలసింది అలాంటిదే. అది ఓపికగా రాయగలిగితే ఈ అమ్మాయి నిలబడుతుంది.

చివరిగా, ఆ పెళ్లయిన స్నేహితురాలి సంగతి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం, మైనరుగా ఉండగా పెళ్లయిన అమ్మాయి మేజరయ్యాక రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేలోగా, ఆ పెళ్లిని రద్దు చేయమని జిల్లా కోర్టును కోరవచ్చు. అది పూర్తిగా ఆమె ఇష్టం, ఎవరూ ఒత్తిడి చేయకూడదు. కానీ అలాంటి హక్కు ఉందని ఆమెకు తెలియాలి కదా. మీ అమ్మాయితో పాటు చదివిందంటే గడువు దగ్గర పడి ఉండవచ్చు. ఈ జవాబు చదవగానే అమ్మాయికి ఫోను చేసి, ఆ పిల్ల పుట్టిన తేదీ ఎంతో కనుక్కోమనండి.