కోళ్ళు కొనే ముందు ఇది చదువు, బుజ్జమ్మా

చి.ల.సౌ. బుజ్జమ్మను మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మన ఊరి ఇంటికి వచ్చేస్తున్నావనీ, పెరట్లో కోళ్ళు పెంచి, కూరపాదులు పెట్టి, లేసు అల్లుకుంటూ ఉంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాళం పడిన ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలుగుతుందంటే మీ నాయనమ్మ ఎంత మురిసిపోయేదో! ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తావోనని భయం కూడా వేసింది. ఫోన్‌లో అయితే ప్రతి మాటకీ "తెలుసు అత్తయ్యా" అంటావు. అందుకే రాస్తున్నాను.

గూడు నేల నుంచి ఎత్తుగా ఉండాలి, గాలి ఆడాలి, జల్లు కొట్టకూడదు. నీళ్ళు రోజూ మార్చు. మేతకి నూకలు, తవుడు, కూరగాయల తొక్కలు సరిపోతాయి. కోడిపిల్లలకి మాత్రం చెదలు పట్టి పెట్టు. పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి, తడిపి, చెదలున్న చోట బోర్లించు. ఒకట్రెండు రోజుల్లో నిండిపోతుంది.

గ్రామప్రియ కోళ్ళు తెస్తావట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన కేంద్రం వాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం, మంచిదే. నాటు పెట్ట ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లు పెడితే అది నూటయాభై దాటిస్తుంది. కానీ పొదగడానికి కూర్చోదు. కాబట్టి రెండు నాటు పెట్టలు కూడా ఉంచుకో. పది, పన్నెండు గుడ్లు వేసి కూర్చోబెడితే 21 రోజులకి పిల్లలు దిగుతాయి.

ఇక అసలు మాట. మీ నాన్న నీతో మాట్లాడటం లేదట కదా. జీతం పోతుందని కోపం అనుకుంటున్నావు. అది కాదు.

వాడు హైస్కూల్లో ఉండగా మీ నాయనమ్మకి ముప్పై దాకా కోళ్ళు ఉండేవి. గుడ్ల డబ్బులతోనే మా పుస్తకాలు, నా లేసు దారం, వాడి సైకిలు రిపేరు. ఎండలు ముదిరిన రోజుల్లో వాడు సంతకి వెళ్ళి రెండు పెట్టల్ని కొనుక్కొచ్చాడు. సగం ధరకే ఇచ్చారని సంబరం. తన డబ్బుతో అమ్మకి ఇవ్వాలని వాడి ఆశ. గుమ్మంలోనే తాళ్ళు విప్పి మందలోకి వదిలేశాడు. వాటిలో ఒకటి రెక్కలు వేలాడేసుకుని నిలబడితే, ఎండకి సొమ్మసిల్లిందనుకున్నాం.

వారం తిరగకముందే మొదలైంది. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి పీల్చడం, తెల్లగా పచ్చగా రెట్ట, మెడ మెలితిరిగి గుండ్రంగా తిరగడం. కొక్కెర తెగులు. ఒకసారి తగిలాక దానికి మందు లేదు. పొద్దున్నే గూడు తలుపు తీస్తే లోపల నాలుగు, అయిదు పడి ఉండేవి. పక్కింటివాళ్ళ కోళ్ళకీ అంటుకుంది. వాళ్ళు మూడు నెలలు మా గడప తొక్కలేదు. అమ్మ వాడిని ఒక్క మాట అనలేదు. వాడే గొయ్యి తవ్వాడు, సున్నం చల్లి పూడ్చాడు, గూడంతా కడిగి సున్నం కొట్టాడు. ఆ తర్వాత వాడు కోళ్ళ గూడు వైపు వెళ్ళగా నేను చూడలేదు.

పక్క ఊళ్ళలో తెగులు మొదలైతే జనం తమ కోళ్ళు చచ్చేలోపు అమ్ముకోవాలని సంతకి తోలుకొస్తారు. ఆ ధర అంత తక్కువ ఎందుకో మాకెవరికీ తట్టలేదు. కాబట్టి బుజ్జమ్మా, ఎవరిచ్చినా సరే, చుట్టాలిచ్చినా సరే, కొత్త కోడిని మూడు వారాలు దూరంగా వేరే గూట్లో ఉంచు. దానికి వేరే గిన్నెలు పెట్టు. ముందు నీ కోళ్ళ పని చూసుకుని, ఆ తర్వాతే దాని దగ్గరకి వెళ్ళు. చేతులు, చెప్పులు కడుక్కో. ఇది విసుగనిపిస్తే కోళ్ళు వద్దు, మానెయ్.

ఇప్పుడు కొక్కెర తెగులుకి టీకాలున్నాయి, మా కాలంలో మా ఊరికి అవి రాలేదు. వారం పిల్లలకి లసోటా అనే టీకా చుక్క కంట్లో, నాలుగు వారాలకి మళ్ళీ ఒకసారి, ఎనిమిది వారాలకి ఆర్‌2బి అనే టీకా సూది. ఆరోగ్యంగా ఉన్నవాటికే వెయ్యాలి. సీసా ఐసులో తేవాలి. కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. ఒక్క సీసాలో వంద కోళ్ళకి సరిపడా ఉంటుంది, నీ పది కోళ్ళకే వేసి మిగతాది పారబొయ్యకు. వీధిలో అందరి కోళ్ళనీ ఆ రోజు పట్టించు. పక్కింటి కోడి బాగుంటేనే నీ కోడికి రక్ష.

చీకట్లో గంపలో చెయ్యి పెట్టకు. నవ్వకు, నిజంగా చెబుతున్నాను. గుడ్ల కోసం, ఎలుకల కోసం పాములు వస్తాయి. టార్చి వేసి, కర్రతో గడ్డి కదిపి, అప్పుడు తియ్యి. ఏదైనా జరిగితే మంత్రం, కట్టు అనకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడికి తీసుకెళ్ళే ఆటో అబ్బాయి నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టు.

పాదుల సంగతి నీకు తెలిసిందే. పచ్చి కోడిపెంట వేస్తే వేళ్ళు మాడిపోతాయి, రెండు మూడు నెలలు మాగనివ్వు. చిక్కుడు ఆషాఢంలో పెట్టి, పూత రాలేదని పీకెయ్యకు. దానికి చలి పడి పొద్దు తగ్గాలి. రథసప్తమికి రథం కట్టుకునేన్ని కాయలు కాస్తుంది.

లేసు మాత్రం ఏజెంటు ఇచ్చే దారంతో అల్లకు. దారం లెక్కన కూలి ఇస్తారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు, బల్లగుడ్డ ఎంతకి అమ్ముడైందో ఇద్దరికీ తెలియదు. మీ నాయనమ్మ దీపం కింద అలా అల్లే కళ్ళు పోగొట్టుకుంది. నువ్వు సొంత దారం కొనుక్కుని, పట్టిన గంటలు రాసుకుని, ధర నువ్వే చెప్పు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే అది ఆ ప్రాంతపు సొంత పనితనమని ప్రభుత్వ ముద్ర, వచ్చింది, తక్కువకి ఒప్పుకోకు. పగటి వెలుతుర్లోనే అల్లుకో, తల్లీ.

నేను వచ్చేదాకా ఒక్క కోడినీ కొనకు. గంపలు ఇక్కడ మేదరివాళ్ళకి పురమాయిస్తాను, ఎన్ని కావాలో ఫోన్ చెయ్యి. వచ్చేటప్పుడు మీ నాన్నని వెంటబెట్టుకొస్తాను. కొత్త కోళ్ళకి వేరే గూడు ఎక్కడ కట్టాలో వాడినే అడుగు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య