ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ తర్వాత సివిల్స్ ఒక్కటేనా? నా సంగతి చెప్తాను

ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఫైనలియర్‌లో ఉన్నాను, సివిల్స్ రాయకపోతే ఈ డిగ్రీతో బతకొచ్చా అని అడిగారు కదా. బతకొచ్చు. నేను అదే చదివి మిర్యాలగూడలో బియ్యం ఎగుమతుల పని చూస్తున్నాను, నవ్వకండి.

ఢిల్లీలో సీటొచ్చిందని చెప్తే మా నాయన అడిగిన మొదటి మాట, "గిది సదివితే విదేశాల్ల కొలువొస్తదా బిడ్డా?" వస్తదన్నాను, నాకూ అప్పుడు అంతే తెలుసు. ఫారిన్ సర్వీస్‌కి ఏ డిగ్రీ అయినా చాలు, యూపీఎస్సీ రాయాల్సిందే అని అక్కడికి పోయాక గానీ బుర్రకెక్కలేదు. సివిల్స్ మెయిన్స్‌లో పీఎస్‌ఐఆర్ (పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్) ఆప్షనల్‌కి మాత్రం మన చదువు బాగా పనికొస్తుంది, 250 మార్కుల రెండో పేపరంతా దాదాపు మన సిలబస్సే. రెండుసార్లు రాశాను, ప్రిలిమ్సే దాటలేదు. మీరూ రాసేటట్టయితే పక్కన స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సీజీఎల్ పరీక్ష కూడా పెట్టుకోండి, అందులో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులుంటాయి, బేసిక్ 44,900, ఎంబసీలకూ పంపిస్తారు. నల్గొండలో నాతో కోచింగ్‌కి వచ్చినవాళ్లెవరూ దాని వైపే చూడలేదు, నేనూ చూడలేదు.

లెక్చరర్ అవుదామనుకుంటే ఒక జాగ్రత్త. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయండి, అందులో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, అదంతా బాగానే ఉంటుంది. కానీ నేను ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి పోతే మెమో మీద 'పొలిటికల్ సైన్స్' అన్న మాట లేదని, రెండూ సమానమే అని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికోసం తిరిగి తిరిగి తెచ్చేసరికి గడువు అయిపోయింది. క్యాంపస్‌లో ఉండగానే ఆ కాగితం తీసిపెట్టుకోండి. థింక్ ట్యాంక్‌లో, అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థలో కూడా ఆరు నెలలు చేశాను, పేరు బాగుంటది, రూమ్ అద్దె కట్టాక తిండికి లెక్కేసుకోవాలి.

మన హైదరాబాద్‌లో జీతం వచ్చే చోటు వేరే ఉంది. పెద్ద కంపెనీలకు సెక్యూరిటీ ఆపరేషన్ సెంటర్లుంటాయి, జీసాక్ అంటారు. ఏ దేశంలో అల్లర్లు లేచాయి, అక్కడ మన ఉద్యోగులు ఎంతమంది ఉన్నారు, ఎయిర్‌పోర్ట్ నడుస్తుందా అని రాత్రంతా చూసి పది లైన్ల రిపోర్టు పంపాలి. థియరీలు ఎవడూ అడగడు, పది లైన్లు సూటిగా రాయగలిగితే చాలు. ఏడాదిన్నర చేశాను, నైట్ షిఫ్టులకు ఒళ్లు తట్టుకోలేదు.

ఇక బియ్యం సంగతి. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. నేనప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను, రాత్రి మా మేనమామ ఫోన్ చేశాడు, ఆయన ఒక మిల్లులో గుమస్తా. "అల్లుడా, బియ్యం బంద్ పెట్టిండ్రట, జర వచ్చి ఆ కాయితం సూడరాదు?" పోతే మిల్లు ఆఫీసులో సేటు కుర్చీలో కూర్చోలేక లేచి తిరుగుతున్నాడు, సరుకు కాకినాడ చేరింది, డబ్బంతా అందులోనే ఉంది. ఫోన్‌లోనే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ఆఫీసు) నోటిఫికేషన్ తెరిచి చదివాను. కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు వేసి, ఓడ పోర్టుకొచ్చి లంగరేసి, ఆ ఓడకిచ్చే రొటేషన్ నంబర్ నోటిఫికేషన్‌కి ముందే పడి ఉంటే ఆ సరుకును పోనిస్తారని మినహాయింపు ఉంది. కాకినాడ ఏజెంటుకు ఫోన్ చేసి నంబర్ ఎప్పుడు పడిందో అడిగితే రెండు రోజుల కిందటే పడిందన్నాడు. సేటు అప్పుడు చాయ్ తెప్పించాడు. నెల తర్వాత నన్ను పనిలో పెట్టుకున్నాడు.

ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు, 2024 సెప్టెంబర్‌లో తెల్లబియ్యం నిషేధం తీసేసి టన్నుకు కనీసం 490 డాలర్ల ధర పెట్టారు, అక్టోబర్‌లో అదీ తీసేశారు. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ ఎవడికి లాభం, ఎక్కడ సందుంది అని చదివి చెప్పేవాడు మిల్లుకు కావాలి, క్లాసులో వాణిజ్య ఆంక్షల మీద రాసిన అసైన్‌మెంట్లు పనికొచ్చింది నాకు ఇక్కడే.

మీరు ఏ విదేశీ భాష తీసుకున్నారో చెప్పలేదు. బెనిన్, టోగో, సెనెగల్ కొనుగోలుదారుల మెయిల్స్ ఫ్రెంచ్‌లో వస్తాయి, నేను ఇప్పటికీ అనువాదం యాప్‌లో పెట్టి చదువుతున్నాను. ఫ్రెంచ్ అయితే మాత్రం నాకు మెసేజ్ పెట్టండి.