ఎమ్మెస్‌డబ్ల్యూ కంటే ముందు ఊరు

బీకామ్ అయింది, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలోనే గ్రామాభివృద్ధి పని చేయాలనుంది, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లేకపోతే కుదరదా అని అడిగావు కదా తమ్ముడూ. కుదురుతుంది. డ్వాక్రా లెక్కలు శుభ్రంగా రాసేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది, నీ బీకామ్ అక్కడ పనికొస్తుంది.

ఫీజు కట్టేముందు ఒక ఆరు నెలలు, అధ్యక్షురాలిని అడిగి, మీ ఊరి డ్వాక్రా గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘం సమావేశాలకి వెళ్లు. వెనక కూర్చుని విను. తీర్మానాల పుస్తకం, అప్పుల పుస్తకం చదవడం నేర్చుకో. ఎవరి వాయిదా ఎందుకు ఆగిందో తెలిస్తే ఊరు అర్థమవుతుంది: శివారు పొలానికి కాలువ నీళ్లు అందలేదనో, గోదావరి లంకలో అరటితోట వరదకి పోయిందనో. నేనైతే మొదట్లో ఉపన్యాసాలు దంచేవాణ్ణి. ఒక పెద్దావిడ "బాబూ, ముందు మా పాసుపుస్తకం చూసిపెట్టు" అంది. అంతే, నోరు మూతపడింది.

పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో పై ఉద్యోగాలకి మాత్రం డిగ్రీ అడుగుతారు. ఎమ్మెస్‌డబ్ల్యూ 2 ఏళ్లు. పని మానలేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ దూరవిద్య డిప్లొమాలు చూడు.

జీతం మొదట్లో తక్కువే, ఇంట్లో దాచకు. ఇంటర్వ్యూలో పెట్రోలు ఖర్చు విడిగా ఇస్తారా అని మొహమాటం లేకుండా అడుగు.