గోల్ఫ్‌లో నాలుగు మేజర్లకు (అన్నిటికంటే పెద్ద నాలుగు పోటీలకు) ర్యాంకులు ఇవ్వమంటే ఎలా ఇస్తారు? ఎందుకు?

నా వరుస ముందే చెప్పేస్తాను: ది ఓపెన్, యూఎస్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్, అన్నిటికంటే కింద మాస్టర్స్. ఇది చూడగానే సగం మంది గోల్ఫ్ అభిమానులు ఫోన్ పక్కన పడేస్తారని తెలుసు. పడెయ్యండి. మీకు మాస్టర్స్‌లోని పూలమొక్కలూ, అక్కడ గెలిచినవాడికి తొడిగే పచ్చకోటూ కావాలి, నాకు గాలి కావాలి.

నాది విశాఖపట్నం. నాకు గోల్ఫ్ పిచ్చి అంటించింది మా మేనమామ. పోర్టులో పనిచేసేవారు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ వదిలేసిన పాత క్లబ్బుల సంచీతో మొదలుపెట్టి, ముడసర్లోవ కోర్సులో కేడీ కుర్రాళ్ల (ఆటగాళ్ల సంచీ మోసేవాళ్ల) దగ్గరే ఆట నేర్చుకున్నారు. సముద్రం పక్కన గోల్ఫ్ ఆడితే తెలిసేది ఒకటుంది. పొద్దున్న ఏడో నంబరు ఐరన్ క్లబ్బుతో (నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) హాయిగా చేరిన గ్రీన్‌కి, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, మధ్యాహ్నం గాలి లేచాక అయిదో నంబరు కూడా చాలదు. "ఎదురుగాలండీ, ఓ క్లబ్ పెంచండి" అని కేడీ చెబుతాడు. మావయ్య వినేవారు కాదు. తర్వాత ఇద్దరూ కలిసి పొదల్లో బంతి వెతికేవారు.

అందుకే బ్రిటన్ సముద్రతీరాల్లో ఆడే ది ఓపెన్ చూస్తే విశాఖవాడికి కొత్తగా అనిపించదు. చలి తీసేస్తే అదే గాలి, అదే ఇసుక నేల. అన్నిటికంటే పాతది కూడా అదే. 1860లో స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో మొదలైంది, అంటే మన దగ్గర సిపాయిల తిరుగుబాటు జరిగిన మూడేళ్లకి. అయితే పాతదని నేను మొదటి ర్యాంకు ఇవ్వలేదు. అక్కడ మంచి షాట్‌కి మంచి ఫలితం వస్తుందన్న హామీ లేదు, నా కారణం అది. నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డచోట ఆగదు. పొద్దున ఆడినవాళ్లకి ఎండ, మధ్యాహ్నం ఆడినవాళ్లకి తుఫాను. 2002లో టైగర్ వుడ్స్ ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచేసి మూడోదానికి మ్యూర్‌ఫీల్డ్ వచ్చాడు. శనివారం మధ్యాహ్నం గాలీ వానా కలిసి వచ్చాయి, 81 కొట్టాడు, అంటే పద్దెనిమిది హోల్స్‌కి 81 స్ట్రోకులు (దెబ్బలు); ఎంత తక్కువైతే అంత మంచిది. టైగర్ వుడ్స్ అండీ, 81! "ఇది అన్యాయం, ప్రతిభకి పరీక్ష కాదు" అనేవాళ్లున్నారు. వాళ్లకి ఏసీ హాల్లో గోల్ఫ్ పెట్టించాలి.

2009 జూలైలో టర్న్‌బెరీలో జరిగింది చెప్పకుండా ఈ జవాబు పూర్తవదు. టామ్ వాట్సన్ వయసు అప్పటికి 59. మావయ్యకీ సరిగ్గా అంతే. వాట్సన్‌కి అంతకుముందు ఏడాదే తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయింది. మావయ్యకి మోకాలు పట్టేసి, ఇక గోల్ఫ్ కట్టిపెట్టి బీచ్ రోడ్డులో నడుచుకోమని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. అంతకుముందు అయిదుసార్లు ఓపెన్ గెలిచిన మనిషి వాట్సన్. వాటిలో ఒకటి 1977లో ఇదే టర్న్‌బెరీలో జాక్ నిక్లాస్‌ని ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడించి గెలిచింది. అలాంటివాడు మొదటి రోజు 65 కొట్టినప్పుడు "పాతకాలపు వాసన, రేపటికి పోతుంది" అన్నారు మావయ్య. శనివారం ఆట ముగిసేసరికి వాట్సనే ముందున్నాడు. ఆదివారం సాయంత్రం నన్ను ఫోన్ చేసి మరీ పిలిపించారు.

పెదవాల్తేరులో వాళ్లిల్లు. బయట వాన. అత్తయ్య మిరపకాయ బజ్జీలు వేసి, "ఆ ముసిలాయన ఇంకా ఆడుతున్నాడేటి?" అని వంటింట్లోంచి అడుగుతోంది. ఆఖరి జోడీ ఆట మన టైములో రాత్రి ఏడు కాకముందే మొదలైంది. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. ఆ కాసేపట్లో ఏ హోల్‌కి ఎన్ని స్ట్రోకులయ్యాయో తెలియక మావయ్య నన్నే తిట్టారు, కరెంటు ఆఫీసులో నేనే పనిచేస్తున్నట్టు. పదకొండు దాటింది. ఆఖరి హోల్ మిగిలింది. వాట్సన్ పార్ (ఆ హోల్‌కి లెక్కకట్టిన స్ట్రోకులు) కొడితే చాలు. గోల్ఫ్‌లో అప్పటివరకు మేజర్ గెలిచిన అతి పెద్దాయన జూలియస్ బొరోస్, 1968లో, 48 ఏళ్ల వయసులో. ఆ రికార్డు మీద ఏకంగా పదకొండేళ్లు పడబోతున్నాయి.

డ్రైవ్ బాగా పడింది. రెండో షాట్ ఎనిమిదో నంబరు ఐరన్‌తో కొట్టాడు. గాల్లో ఉండగా ఎంత అందంగా ఉందంటే, మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు, పట్టేసిన మోకాలితోనే. బంతి గ్రీన్ మీదే పడింది. ఆగలేదు. దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెనక అంచు దాటి కిందికి పోయింది. అక్కడినుంచి పుటర్‌తో (బంతిని నేల మీద దొర్లించే క్లబ్బుతో) కొడితే రంధ్రం దాటి దూరం పోయింది. మిగిలిన ఆ ఎనిమిది తొమ్మిది అడుగుల పుట్... దాన్ని కొట్టాడని కూడా అనలేం. చేతులు కదిలాయి అంతే. బోగీ, అంటే పార్‌కి ఒకటి ఎక్కువ. ఆపైన, స్కోరులో సమానంగా నిలిచిన స్టూవర్ట్ సింక్‌తో విజేతని తేల్చే నాలుగు హోల్స్ ప్లేఆఫ్, అందులో వాట్సన్ ఒళ్లు పూర్తిగా అలిసిపోయింది, ఆరు స్ట్రోకుల తేడాతో ఓడిపోయాడు.

"తొమ్మిదో నంబరు తియ్యాల్సిందిరా" అన్నారు మావయ్య. ఆ రాత్రి ఆయన అన్న మాట అదొక్కటే. అత్తయ్య పెరుగన్నం పెడితే తినకుండా పడుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరు దొరికితే వాళ్లతో ఎనిమిదా, తొమ్మిదా అన్న చర్చే. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని పాలబ్బాయితో కూడా. పాపం సింక్ ఏం తప్పు చేశాడు? ఆఖరి హోల్‌లో బర్డీ (పార్‌కి ఒకటి తక్కువ) కొట్టి, తన ఆట తాను ఆడి గెలిచాడు. మా ఇంట్లో మాత్రం ఈరోజుకీ ఆయన పేరు "ఆ పొడుగోడు".

ఇప్పుడు చెప్పండి. అదే షాట్ మెత్తటి నేల ఉన్న అమెరికా కోర్సులో పడి ఉంటే అక్కడే ఆగేది, వాట్సన్ చిరునవ్వుతో రెండు పుట్లు కొట్టి కప్పు ఎత్తేవాడు. అందరూ చప్పట్లు కొట్టి మర్నాటికి మర్చిపోయేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత నేను ఒక ప్రశ్న కింద కూర్చుని ఇంత రాయడానికి కారణం ఆ నేల.

యూఎస్ ఓపెన్‌కి రెండో స్థానం ఎందుకంటే ఆ పేరులో ఉన్న 'ఓపెన్' నిజం. ఏటా పదివేల మందికి పైగా దరఖాస్తు పెడతారు. లోకల్ క్వాలిఫయింగ్, ఆ పైన ఫైనల్ క్వాలిఫయింగ్: మన గ్రూప్స్‌కి ప్రిలిమ్స్, మెయిన్స్ రాసినట్టే. 1913లో గెలిచిన ఫ్రాన్సిస్ విమెట్ ఇరవై ఏళ్ల అమెచ్యూర్, డబ్బు కోసం ఆడనివాడు. బ్రూక్‌లైన్‌లో ఆ కోర్సుకి రోడ్డు అవతలే వాళ్లిల్లు, చిన్నప్పుడు అక్కడే కేడీగా సంచులు మోశాడు. హ్యారీ వార్డన్, టెడ్ రే అనే ఇద్దరు బ్రిటిష్ ఉద్దండుల్ని ప్లేఆఫ్‌లో ఓడించాడు. ఆయన సంచీ మోసిన ఎడ్డీ లోవరీకి పదేళ్లు! ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. మన దేశంలో పొద్దున్నే సంచులు మోస్తూ, సార్లు ఇంటికెళ్లాక విరిగిన క్లబ్బుతో ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు ప్రతి కోర్సులోనూ ఉంటారు. వాళ్ల చూపు మెంబర్ల చూపుకంటే బాగుంటుంది. అయినా "గోల్ఫా? అది డబ్బున్నోళ్ల ఆట కదా" అనే మాటతో అందరూ చేతులు దులిపేసుకుంటారు. డబ్బున్నవాళ్ల ఆటే. బంతి మాత్రం ఆ కుర్రాళ్లు వెతికితేనే దొరుకుతుంది.

యూఎస్ ఓపెన్ ఆట మాత్రం చూడ్డానికి క్రూరంగా ఉంటుంది. మోకాలి దాకా గడ్డి, మధ్యలో సన్నటి ఫెయిర్‌వేలు (గడ్డి కత్తిరించిన దారులు). 1974లో వింగ్డ్ ఫుట్‌లో గెలిచిన హేల్ ఇర్విన్ స్కోరు పార్‌కి ఏడు ఎక్కువ. 2025లో ఓక్‌మాంట్‌లో పార్‌కంటే తక్కువ స్కోరుతో ముగించింది ఒక్క జె.జె. స్పాన్ మాత్రమే, అదీ ఒక్క స్ట్రోక్ తక్కువ. ఆఖరి రోజు మొదటి ఆరు హోల్స్‌లో అయిదు బోగీలు చేసి, వాన ఆగాక తేరుకుని, చివరి గ్రీన్ మీద 64 అడుగుల పుట్ వేశాడు. అంత దూరం పుట్ వెయ్యడం సంగతి అలా ఉంచి, అంత దూరం గ్రీన్ ఉన్న కోర్సు మీద నిలబడినా నాకు చాలు.

పీజీఏని అందరూ ఆఖర్న పెడతారు. పూర్వం ఆగస్టులో ఉండేది, 2019 నుంచి మే నెలకి జరిపారు, అప్పటినుంచి మాస్టర్స్‌కీ యూఎస్ ఓపెన్‌కీ మధ్య నలిగిపోయింది, నిజమే. కానీ దానికొక మంచి గుణముంది: క్లబ్బుల్లో పాఠాలు చెప్పుకునే ప్రొఫెషనల్స్‌కి ఇరవై చోట్లు ఇస్తుంది. 2023లో ఓక్ హిల్‌లో మైకేల్ బ్లాక్ అనే 46 ఏళ్ల గోల్ఫ్ మాస్టారు ఆఖరి రోజు రోరీ మెకిల్‌రాయ్ పక్కన ఆడుతూ పదిహేనో హోల్‌లో ఒక్క దెబ్బకి బంతి నేరుగా రంధ్రంలో వేశాడు. పదిహేనో స్థానం పంచుకున్నాడు. మనకి సంబంధించినంతవరకు ఇంకో కారణం కూడా ఉంది. టర్న్‌బెరీ తర్వాత నెల తిరగకుండానే హేజెల్‌టీన్‌లో కొరియాకి చెందిన వై.ఇ. యాంగ్ టైగర్ వుడ్స్‌ని ఓడించింది ఈ పీజీఏలోనే. మేజర్ గెలిచిన మొదటి ఆసియావాడు. పంతొమ్మిదో ఏట డ్రైవింగ్ రేంజిలో పని చేస్తూ ఆట మొదలుపెట్టినవాడు! మావయ్యకి మళ్లీ ఆకలి పుట్టింది ఆ రోజే. మేజర్లలో భారతీయుడి అత్యుత్తమ ఫలితం కూడా ఇక్కడిదే: 2015లో విజ్లింగ్ స్ట్రెయిట్స్‌లో అనిర్బన్ లాహిరి అయిదో స్థానం పంచుకున్నాడు. మర్నాడు మా ఇంటికొచ్చే పేపర్లో ఆ వార్త వెతకడానికి కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. ఎక్కడో జరిగిన క్రికెట్ వార్మప్ మ్యాచ్‌కి మాత్రం అరపేజీ.

ఇక మాస్టర్స్. అందంగా ఉంటుంది, కాదనను. ఏటా అదే అగస్టా నేషనల్ కాబట్టి ప్రతి హోల్ మనకి మన వీధిలా తెలిసిపోతుంది, పన్నెండో హోల్‌లో నీళ్లెక్కడున్నాయో నిద్రలో అడిగినా చెబుతాం. 2016లో జోర్డన్ స్పీత్ అక్కడే రెండు బంతులు వాగులో వేసి, మూడు స్ట్రోకుల్లో అవ్వాల్సినదానికి ఏడు తీసుకున్నాడు. నా అభ్యంతరం ఆట మీద కాదు. పిలుపు ఉంటేనే ఆడాలి. వందమంది కూడా ఉండరు, మిగతా మేజర్లలో 156 మంది ఆడుతుంటే. 1934 నుంచి జరుగుతున్న పోటీలో మొదటిసారి ఒక నల్లజాతి ఆటగాడు, లీ ఎల్డర్, అడుగుపెట్టింది 1975లో. ఆ క్లబ్బు ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకున్నది 2012లో. 'సంప్రదాయం' అని టీవీలో గొంతు తగ్గించి చెబుతుంటారు కదా, అందులో ఇవి కూడా ఉన్నాయి. పైగా మనకి తెల్లారిపోతుంది. 2025లో మెకిల్‌రాయ్ జస్టిన్ రోజ్‌ని ప్లేఆఫ్‌లో ఓడించి, నాలుగు మేజర్లూ గెలిచిన ఆరోవాడయ్యేసరికి ఇక్కడ సోమవారం అయిదు కావస్తోంది. అదృష్టం కొద్దీ ఆ రోజు అంబేడ్కర్ జయంతి, సెలవు. ఆ ఒక్క రాత్రికి మాస్టర్స్‌ని మూడో స్థానానికి ఎక్కించాను. మధ్యాహ్నం నిద్ర లేచాక మళ్లీ దించేశాను. యూఎస్ ఓపెన్ కూడా నిద్ర చెడగొడుతుంది కదా అంటారేమో. దాన్ని క్షమించాను, నా ఇష్టం.

ఇంతకీ ఈ నాలుగే మేజర్లని ఎవరూ జీవో జారీ చెయ్యలేదు. 1930లో బాబీ జోన్స్ గ్రాండ్ స్లామ్ (ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద పోటీలూ) కొట్టినప్పుడు అందులో రెండు అమెచ్యూర్ పోటీలు. 1960లో ఆర్నాల్డ్ పామర్ మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి, మిగిలిన రెండూ కూడా గెలిస్తే ఈ కాలపు స్లామ్ అవుతుందని అంటూ సెయింట్ ఆండ్రూస్‌కి బయల్దేరాడు. అక్కడ కెల్ నాగిల్ చేతిలో ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. ఆయన అన్న మాట మాత్రం నిలబడిపోయింది.

కాబట్టి అమెరికాలోనే జరిగే ఇంకో పెద్ద పోటీ ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌ని అయిదో మేజర్ చెయ్యాలా అని కింద ఎవరో అడగబోతున్నారని తెలుసు. అక్కర్లేదు. డబ్బు ఎక్కువిస్తే మేజర్ అయిపోదు. కాకపోతే 2022లో అక్కడ మన లాహిరి కామెరాన్ స్మిత్ కంటే ఒక్క స్ట్రోక్ వెనక రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ స్ట్రోక్ ఇటు పడుంటే, ఆ అయిదో మేజర్ జీవో నేనే ఇచ్చేసి ఉండేవాణ్ణి.