కప్లాన్ లేడని ముందే చెప్పెయ్

కావలి

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ఒంగోలు బస్టాండు, రాత్రి, వాన, కరెంటు పోవడం. టీ తాగుతున్న అమాయకుణ్ణి గూఢచారి అనుకుని పట్టుకుపోవడం బాగుంది. కానీ అసలు ఆ గూఢచారే లేడన్న సంగతి చివరి పేజీ దాకా దాచావు. నాకు బాధేసింది. అంత మంచి రహస్యం ఆఖరి పది లైన్లలో ఖర్చయిపోయింది.

1959లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా 'నార్త్ బై నార్త్‌వెస్ట్' చూడు. ఇదివరకే చూసి ఉంటే, ఈసారి పెన్ను, కాగితం పెట్టుకుని చూడు. స్క్రీన్‌ప్లే ఎర్నెస్ట్ లేమన్‌ది. న్యూయార్క్ హోటల్లో ఒక కుర్రాడు 'జార్జ్ కప్లాన్' అని పిలుస్తూ తిరుగుతుంటాడు. అడ్వర్టైజింగ్ పనిచేసే థార్న్‌హిల్, వాళ్ళమ్మకి టెలిగ్రాం పంపాలని సరిగ్గా అప్పుడే వాణ్ణి పిలుస్తాడు. కాపు కాస్తున్న ఇద్దరు ఇతనే కప్లాన్ అనుకుంటారు. నువ్వేమో పోలికలు, ఒకే రంగు సంచి, చేతి మీద మచ్చ, ఇన్ని పెట్టావు. ఒక్కసారి చెయ్యెత్తి పిలిస్తే చాలు నాయనా.

తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. కథ సగానికి రాకముందే, గూఢచారి శాఖ పెద్దలు మాట్లాడుకునే సీనులో, కప్లాన్ లేనే లేడని మనకు చెప్పేస్తారు. తమ అసలు ఏజెంటు మీద అనుమానం రాకుండా వాళ్ళు పుట్టించిన పేరది. హోటల్ గది ఉంది, అందులో సూట్లు ఉన్నాయి, మనిషి లేడు. థార్న్‌హిల్‌కి ఈ ముక్క తెలియదు. లేనివాణ్ణి వెతుక్కుంటూ అతను రైలెక్కుతుంటే 'వెళ్ళొద్దురా' అని అరవాలనిపిస్తుంది. తెలిసీ చెప్పలేక మనం పడే ఆ యాతనే టెన్షన్. నీ పాఠకుడికి అదే దక్కనివ్వలేదు.

ఇక పొలాల మధ్య రోడ్డు మీద థార్న్‌హిల్‌ని విమానం తరిమే సీను. పట్టపగలు, చుట్టూ మైదానం, దాక్కోవడానికి ఏమీ లేదు. సంగీతం కూడా లేదు. బెర్నార్డ్ హెర్మన్ లాంటి సంగీత దర్శకుడు ఉండి కూడా, విమానం వెళ్ళి ఆయిల్ ట్యాంకర్‌ను గుద్దేదాకా వాద్యం మోగనివ్వలేదు! బస్సు కోసం నిలబడ్డ ఒక మనిషి, పైరు లేని చోట ఆ విమానం మందు చల్లుతోందే అని మామూలుగా అనేసి, బస్సెక్కి వెళ్ళిపోతాడు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ మాట దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. భయం పుట్టించే మాటను ఏ సంబంధమూ లేనివాడి నోట పెట్టడం ఎంత గొప్ప ఆలోచనో చూడు.

నీ వానా చీకటీ తీసెయ్యి. మన నెల్లూరు వైపు రొయ్యల గుంటలు నువ్వు చూసినవే. మధ్యాహ్నం పన్నెండు గంటలు, చెట్టు నీడ లేదు, దూరంగా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు. నీ హీరో గట్టు మీద నడుస్తున్నాడు. ఎదురుగా ఒకడు సంచి భుజాన వేసుకుని మేత చల్లుతున్నాడు, నీళ్ళు తోడేసి ఎండబెట్టిన గుంటలోకి.

ముందు ఈ ఒక్క సీను రాసి పంపు. మిగతా కథ పూర్తయ్యేదాకా ఆగకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు