శ్రీశైలం నడకదారిలో నాగలూటి దాటగానే మడమల మీద బొబ్బలు: ఇలా చేసి చూడండి

శ్రీశైలం నడిచి వెళ్తుంటే నాగలూటి దాటగానే మడమలు బొబ్బలెక్కుతున్నాయి, కొత్త బూట్ల వల్లేనా అని అడిగారు. బొబ్బలకి కారణం కొత్త బూట్లు కాదు, తడిసిన కాటన్ సాక్సు. మెత్తబడ్డ చర్మం మీద మడమ ప్రతి అడుగుకీ పైకీ కిందకీ జారుతోంది. మూడుసార్లు శ్రీశైలం నడిచి వెళ్లానంటున్నారు కాబట్టి మీ కాళ్ల సత్తువ మీద నాకేం అనుమానం లేదు.

1. కాటన్ బదులు పాలిస్టర్ లేదా ఉన్ని సాక్సు. ఇంకో జత సంచిలో ఉండాలి.

2. లేసు చివరి రంధ్రం దాకా ఎక్కించి, చీలమండ దగ్గర బిగించండి. వేళ్ల దగ్గర వదులుగానే ఉంచండి.

3. అందరూ వదిలేసేది ఇదే: మడమ చురుక్కుమన్న నిమిషంలోనే ఆగాలి. "దారిలో ముందొచ్చే పెచ్చెరువులో చూసుకుందాంలే" అనుకుంటే అప్పటికే నీరు పట్టేస్తుంది. బూటు విప్పండి, కాలు తుడిచి ఐదు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే సర్జికల్ టేప్ వేయండి, తడి చర్మానికి అది పట్టదు. మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే సాక్సుకి తగిలి లేచిపోతాయి. ఒక్క ముడత ఉన్నా పీకి మళ్లీ వేయండి. ఆ ముడతే ఇంకో బొబ్బ అవుతుంది. (నాకు అయింది.)

4. పెచ్చెరువు దాటాక వచ్చే భీముని కొలను మెట్లు దిగే ముందు లేసు ఇంకోసారి బిగించండి. దిగేటప్పుడు గోళ్లు ముందుకి గుద్దుకుంటాయి.

ఇప్పుడున్న బొబ్బల్ని చిదమకండి. పగిలితే కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. షుగర్ ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి.